సూదికీ కత్తికీ మధ్య పన్నెండు రోజులు

మొదట నేను కుర్చీని అనుమానించాను. వైట్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసులో ఒకరి కుర్చీ ఇంకొకరు లాక్కుపోవడం మామూలే. ఆ సోమవారం ఉదయం కూర్చోగానే కుడివైపు, చెప్పుకోలేని చోట, ఏదో గుచ్చుకున్నట్టయింది. లేచి సీటు తడిమి చూశాను. ఏమీ లేదు. మళ్ళీ కూర్చుంటే మళ్ళీ గుచ్చుకుంది. మధ్యాహ్నం లోపల మూడు కుర్చీలు మార్చాను. సాయంత్రానికి తెలిసింది, తప్పు కుర్చీది కాదని.

అప్పటికి నాకు ముప్పై ఏడేళ్ళు. మాది ఖమ్మం వైపు. ఉద్యోగానికని బెంగళూరు వచ్చి, కాటన్‌పేటలో మూడు తరాలుగా గోనెసంచులు, పురికొసలు అమ్మే తెలుగు కుటుంబంలోని అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాను. మాకు ఆరేళ్ళ కూతురు. జలుబు తప్ప వేరే జబ్బు ఎరగని ఒళ్ళు నాది. అందుకని కూడా కాబోలు, ఇది ఎవరితో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు.

మొలలేమో అనుకున్నాను. మా వీధిలో మందుల దుకాణం నడిపేది ఒక అమ్మాయి. ఆమెను అడగలేక నాలుగు దుకాణాలు దాటి వెళ్ళి ఏదో పూత మందు కొన్నాను. మంగళవారం నాటికి నొప్పికి నాడి వచ్చింది. గుండె కిందికి దిగి అక్కడ కొట్టుకుంటున్నట్టు ఉండేది. ఆఫీసు మీటింగులో గోడకు చేరగిలబడి నిలబడ్డాను. "నడుము పట్టేసింది" అన్నాను. అందరూ తలా ఒక ఆసనం చెప్పారు. టిఫిన్‌కి దర్శినికి వెళ్ళాను. అక్కడ అందరూ నిలబడే తింటారు గనక ఎందుకు కూర్చోలేదని ఎవరూ అడగరు.

బుధవారం పొద్దున్నే, ఇంట్లో చెకప్ అని చెప్పి, ఒక సర్జన్ దగ్గరికి వెళ్ళాను. యాభై దాటిన మనిషి. కన్నడంలో మొదలుపెట్టి, నా మాట వినగానే తెలుగులోకి వచ్చాడు. తన అమ్మమ్మది ఆంధ్రా సరిహద్దులోని పావగడ అన్నాడు. పక్కకు తిరిగి పడుకోమని అర నిమిషం చూశాడు. ఆ అర నిమిషం నేను గోడ మీది గడియారం ముల్లునే చూస్తూ ఉన్నాను.

"మొలలు కాదు. చీముగడ్డ" అన్నాడు చేతులు కడుక్కుంటూ. "లోపల ఒక చిన్న గ్రంథి మూసుకుపోయి చీము పట్టిండాది. ఎంత చిన్నదైనా మందుతో మాత్రం పోయేది కాదు. చీము బయటికి రావాల్సిందే."

"ఎలా?"

"రెండు దారులుండాయి. ఒకటి, ఇక్కడే మొద్దుబారే ఇంజెక్షన్ ఇచ్చి సూదితో లాగేస్తాను. యాంటీబయాటిక్ రాసిస్తాను. మధ్యాహ్నానికి మీరు ఆఫీసుకు పోవచ్చు. రెండోది, అడ్మిట్ అయితే వెన్నులో మత్తిచ్చి, కోసి, లోపల కడిగి వదిలేస్తాను. కుట్లు వేయను. పుండు అడుగునుంచి మానుకుంటా పైకి రావాల. నెల పట్టొచ్చు, ఇంకా ఎక్కువా పట్టొచ్చు. దినామూ డ్రెస్సింగ్ చేసుకోవాల."

"మీరైతే ఏది చేస్తారు?"

"కోస్తాను" అన్నాడు వెంటనే. "సూదితో నొప్పి తక్కువ, పుండు ఉండదు. నిజమే. కానీ మళ్ళీ తిరిగొచ్చేది దాంట్లోనే ఎక్కువ."

"కోస్తే ఇక రాదా?"

"రాదని కాగితం మీద రాసివ్వలేను. తక్కువ, అంతే. ఇంకొకటి కూడా వినండి. సూదైనా కత్తైనా కొందరికి తర్వాత లోపల్నించి చర్మం దాకా సన్నటి సొరంగం మాదిరి మిగిలిపోతాది. ఫిస్టులా అంటారు. అది వస్తే ఇంకో ఆపరేషన్. ఎవరికి వస్తాదో ఇప్పుడు చెప్పేదానికి అయ్యేది లేదు."

"మరి సూది సంగతి నాకెందుకు చెప్పారు?"

ఆయన నవ్వలేదు. "గడ్డ చిన్నది. మీకు జ్వరం లేదు, షుగరు లేదు. ఇట్లాంటోళ్ళలో కొందరికి సూదితోనే సరిపోతాది. అందుకని చెప్పినాను. ఎంచుకునేది మీరు."

పది నిమిషాలు టైమ్ అడిగి బయటికి వచ్చాను. వరండాలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. బెంచీల మీద కూర్చున్నవాళ్ళు నన్ను చూస్తున్నారు. నేను వాళ్ళు కూర్చోవడం చూస్తున్నాను. ఆ శుక్రవారం మా టీం కొత్త వెర్షన్ విడుదల చేయాలి. పై ఆదివారం మరదలి నిశ్చితార్థం. ఈ రెండు కారణాలూ మనసులో ఎన్నిసార్లో చెప్పుకున్నాను. అసలు కారణం అవేవీ కాదు. కోత అంటే ఇంట్లో చెప్పాలి. ఎక్కడ అని అడుగుతారు. ఎవరో ఒకరు పుండు చూడాలి. సూది అయితే ఎవరికీ తెలియకుండా అయిపోతుంది. డాక్టరు నొప్పినీ, తిరిగి రావడాన్నీ పోల్చి చెప్పాడు. నేను సిగ్గుతో తూచాను.

"సూది" అన్నాను లోపలికి వెళ్ళి.

"సరే. తిరిగొస్తే ఒక దినం కూడా ఆగొద్దు. మాటివ్వండి."

ఇచ్చాను.

మొద్దుబారడానికి ఇచ్చిన ఇంజెక్షన్ నొప్పికి పళ్ళు కరుచుకున్నాను. ఆ తర్వాత ఏదో ఒత్తిడి తప్ప ఏమీ తెలియలేదు. పావుగంటలో అయిపోయింది. సిరంజి చూపించాడు. పచ్చగా, చిక్కగా, మీగడలా. అది నా ఒంట్లోంచి వచ్చిందంటే అసహ్యం వేయాలి గానీ, దాన్ని చూస్తే నాకు ప్రాణం లేచి వచ్చింది. మంచం దిగి, ఎదురుగా ఉన్న స్టూలు మీద కావాలని కూర్చున్నాను. కూర్చోగలిగాను! చిన్న ప్లాస్టరు. మందుల చీటీ. రెండు గంటలకల్లా నా కుర్చీలో ఉన్నాను. సాయంత్రం కూతుర్ని భుజాల మీద ఎక్కించుకుని మెట్లెక్కాను.

"చెకప్‌లో ఏమన్నారు?" అంది మా ఆవిడ.

"అంతా బాగుందన్నారు."

ఆ వారం బాగానే గడిచింది. బాగా గడిచిందనడం కూడా అబద్ధమే. రోజుకు నాలుగైదుసార్లు బాత్రూంలోకి వెళ్ళి, తలుపు గడియ పెట్టి, ఫోను కెమెరాతో చూసుకునేవాణ్ణి. వేలితో నొక్కి చూసేవాణ్ణి. మందు బిళ్ళలు లాప్‌టాప్ సంచీలో, చార్జర్ వైర్ల కింద దాచాను. విడుదల సాఫీగా అయింది. తొమ్మిదో రోజున వేలికి చిన్న గట్టిదనం తగిలింది. శనగగింజంత. ఆ రోజే మందుల కోర్సు అయిపోయింది. మానేటప్పుడు గట్టిపడుతుందిలే అనుకున్నాను. పదో రోజు, శనివారం, ఆ గింజ గోలీ అయింది. నాడి మళ్ళీ మొదలైంది.

ఒక దినం కూడా ఆగనని మాటిచ్చినవాణ్ణి. కానీ రేపే నిశ్చితార్థం. ఒక్కరోజుకు ఏమవుతుంది అనుకుని రెండు నొప్పి మాత్రలు వేసుకున్నాను. ఈ తప్పు డాక్టరుదీ కాదు, సూదిదీ కాదు. నాది.

కాటన్‌పేటలో మా అత్తగారిల్లు కింద దుకాణం, మధ్య అంతస్తులో కాపురం, పైన గోడౌను. హాలంతా జంఖానాలు పరిచారు. పెద్దల్లుణ్ణి గనక పెళ్ళికొడుకు తరఫు వాళ్ళ ఎదురుగా నేను కూర్చోవాలి. నేను కూర్చోలేదు. వచ్చినవాళ్ళకు నీళ్ళు ఇచ్చాను. చెప్పుల వరస సర్దాను. పళ్ళేలు మోశాను. ఫోటోలు తీశాను. కిందికీ పైకీ ఎన్నిసార్లు తిరిగానో లెక్కలేదు. "ఎంత పనిమంతుడమ్మా మీ అల్లుడు" అని ఎవరో పెద్దావిడ మా అత్తగారితో అంటుంటే విన్నాను. అత్తగారు కంగారుగా నా వెనకే తిరిగింది.

"కూసోండి నాయనా, మీరు చేసేది చాలు. బయటోళ్ళు చూస్తే అల్లుడితో పని చేయిస్తా ఉండారనుకుంటారు."

"పర్వాలేదత్తయ్యా."

మా ఆవిడ దగ్గరకొచ్చి నెమ్మదిగా, "ఏమైంది మీకు?" అంది. ఇంట్లో నన్ను నువ్వు అనే మనిషి పుట్టింట్లో మీరు అంటుంది. "ఏం లేదు" అన్నాను.

లగ్నపత్రిక చదివేటప్పుడు మాత్రం తప్పలేదు. కూర్చున్నాను. బరువంతా ఎడమ తుంటి మీద వేసి, చెయ్యి నేలకు ఆనించి, ఒక పక్కకు ఒరిగాను. పురోహితుడు రెండు వంశాల గోత్రాలూ తీరిగ్గా చదువుతున్నాడు. చెమట చెంపల మీదుగా కారింది. తలెత్తితే, ఎదురుగా స్తంభం పక్కన నిలబడి మా మామగారు నా ముఖం కాదు, నేను కూర్చున్న తీరు చూస్తున్నాడు.

ఆయన తక్కువ మాటల మనిషి. డెబ్బైకి దగ్గరపడ్డా రోజూ దుకాణం తెరుస్తాడు. తొమ్మిదేళ్ళలో నన్ను ఒక్కసారి కూడా ఏకవచనంతో పిలవలేదు. భోజనాలయ్యాక నా దగ్గరకొచ్చి, "అల్లుడూ, స్వల్ప పైకి వస్తారా? గోడౌను తాళం పడేది లేదు, చూద్దురు" అన్నాడు.

తాళం బాగానే పడుతోంది. లోపలికి వెళ్ళగానే తలుపు దగ్గరగా వేశాడు. కప్పు దాకా గోనెసంచుల కట్టలు. జనపనార వాసన. కింద ఒక కట్ట అడ్డంగా పడి ఉంది.

"బోర్లా పండుకో" అన్నాడు.

"మామయ్యా?"

"ఎన్ని దినాలాయ?"

"దేనికి మామయ్యా?"

"అదేనప్పా. నువ్వు ఎడమపక్క మీద కూసునేది చూస్తా ఉండా. నేనూ అట్లే కూసుంటా ఉంటి, రెండేండ్లు."

నన్ను నువ్వు అన్నాడని కాసేపటికి గానీ తట్టలేదు. కట్ట మీద బోర్లా పడుకున్నాను. ముఖం గోనె మీద ఆనించి, ఆయనకు కనబడకుండా, మొదటి నుంచీ చెప్పేశాను. సూది, మందులు, డాక్టరుకు ఇచ్చిన మాట, అన్నీ.

ఆయన పక్క కట్ట మీద కూర్చుని తన కథ చెప్పాడు. నలభై నాలుగో ఏట వచ్చిందట. బజారులో ఎవరో చెప్తే ఆకు నూరి కట్టాడు. అది దానంతటదే పగిలింది. హమ్మయ్య అనుకున్నాడు. నెల తర్వాత చూస్తే చీము కారుతూనే ఉంది. డాక్టరు చెప్పిన ఆ ఫిస్టులానే, భగందరం అయింది. రెండు ఆపరేషన్లు. రెండేళ్ళు దుకాణంలో పరుపు మీద కూర్చోలేక నిలబడే బేరాలు చేశాడు.

"బజారంతా నాకు నడుము నొప్పని ఈపొద్దుకీ అనుకుంటా ఉండారు. నా బిడ్డలకీ తెలీదు. మీ అత్తకి ఒకామెకే తెలుసు. ముందే పోయి కోయించుకొనుంటే ఇంత దూరం వచ్చిండేది లేదేమో. సిగ్గు పడి చెడితినప్పా. సిగ్గు పడితే చీము ఆగుతాదా?"

వంగి నా మెడ మీద చెయ్యి వేసి చూశాడు. "కాలుతా ఉండాది. లే. డాక్టరుకి ఫోన్ కొట్టు."

డాక్టరు తిట్టలేదు. జ్వరం ఎంత అని అడిగాడు, భోజనం చేశానని చెబితే, కడుపు ఖాళీగా లేకుండా మత్తివ్వడం కుదరదని నిట్టూర్చాడు. సాయంత్రానికి వచ్చి అడ్మిట్ అవమన్నాడు. తెల్లారి మొదటి ఆపరేషన్ నాదేనన్నాడు.

కూతుర్ని అమ్మమ్మ దగ్గర ఉంచి బయల్దేరాం. మా ఆవిడ కారు నడిపింది. మామగారు ముందు సీట్లో, నేను వెనక సీట్లో పడుకుని. గోడౌనులో మామగారు "పెండ్లానికి నువ్వే చెప్పల్ల, నేను చెప్పేది బాగుండదు" అన్నందుకు మెట్ల మీద ఆమెకు నాలుగు ముక్కల్లో చెప్పాను. ఆమె కారు తాళాలు తీసుకుని నాకంటే ముందు దిగిపోయింది. రెండు సిగ్నళ్ళు దాటాం. మూడో సిగ్నల్ దగ్గర, వాళ్ళ నాన్న పక్కనే ఉన్నాడన్న సంగతి కూడా మరచి,

"పదకొండు రోజుల నుంచి నాతో అబద్ధం చెప్తున్నావా?" అంది.

"నీకు చెప్పడానికి..."

"పాప పుట్టినప్పుడు లేబర్ రూములో నా పక్కనే ఉన్నావు. నా ఒళ్ళు ఏ స్థితిలో ఉందో అంతా చూశావు. నీ ఒళ్ళు మాత్రం నేను చూడకూడదా?"

మామగారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయాడు. వెనక హారన్లు మోగాయి. సిగ్నల్ పచ్చగా మారి ఎంతసేపయిందో.

సోమవారం పొద్దున వెన్నులో మత్తు ఇచ్చారు. నడుము కింద నేను లేను. తెర అవతల ట్రేలో పనిముట్ల చప్పుడు, డాక్టరు కన్నడంలో నర్సుతో మాట్లాడుతున్న మాటలు. "పోయినసారి కన్నా లోతుగా పోయిండాది. మొత్తం తెరిచి కడిగినాను" అన్నాడు తర్వాత నా తల దగ్గరకొచ్చి. రెండు రోజులకు ఇంటికి పంపారు.

రెండూ నా ఒంటి మీదే జరిగాయి గనక చెప్పగలను. సూది పావుగంట పని. మర్నాటికి అది జరిగిందని కూడా మర్చిపోవచ్చు. కత్తి అలా కాదు. నొప్పి గడ్డ నొప్పి కంటే తక్కువే. నాడి ఆపరేషన్ బల్ల మీదే ఆగిపోయింది. కానీ పుండు తెరిచి ఉంటుంది. దొడ్డికి వెళ్ళాలంటే భయం. వెళ్ళొచ్చాక గోరువెచ్చని నీళ్ళ టబ్బులో కూర్చోవాలి. మూతి ముందే మూసుకోకుండా లోపల మెత్తగా గాజుగుడ్డ పెట్టాలి, మర్నాడు అది తీసి కొత్తది పెట్టాలి. తీసేటప్పుడు కళ్ళలో నీళ్ళు తిరిగేవి. మొదటి వారమంతా ఇంట్లో నిలబడటమో, పడుకోవడమో తప్ప మధ్యలో ఏదీ లేదు. మంచం మీంచి కిటికీ దాకా, కిటికీ నుంచి తలుపు దాకా తిరిగేవాణ్ణి. లాప్‌టాప్‌ను ఇస్త్రీ బల్ల మీద పెట్టి నిలబడి పనిచేశాను.

డ్రెస్సింగ్‌కు ఒక నర్సు రోజూ ఇంటికి వచ్చేది. ఎనిమిదో రోజున వాన పడింది. బెంగళూరు వాన తెలిసిందే, గంటలో రోడ్లు కాలవలయ్యాయి. మా అపార్ట్‌మెంట్ ముందు మోకాలి లోతు నీళ్ళు. రాలేనని నర్సు ఫోన్ చేసింది. మా ఆవిడ సెలవు ముగించి ఆ రోజే ఆఫీసుకు వెళ్ళి ఊరి ఆ చివర ఇరుక్కుపోయింది. పాప ఇంకా అమ్మమ్మ దగ్గరే ఉంది. ఇంట్లో నేనూ, అత్తగారు చేసిన రాగి సంగటి, పప్పు పొద్దున్నే తెచ్చిచ్చి వానకు ఆగిపోయిన మామగారూ.

"డబ్బా యాడుండాది?" అన్నాడు. డ్రెస్సింగ్ సామాన్ల డబ్బా.

"వద్దు మామయ్యా. రేపు చూసుకుందాం."

"రేపా? గుడ్డ మార్చకుంటే పైన మూసుకుంటాది. అడుగున మల్ల చీము పడతాది. నాకు తెలీదా?"

"మీతో చేయించుకోలేను మామయ్యా."

"యాల?"

ఏం చెప్పను? పెళ్ళిలో పీట మీద కూర్చోబెట్టి నా కాళ్ళు కడిగి ఆ నీళ్ళు నెత్తిన చల్లుకున్న మనిషి. అల్లుడంటే ఆ ఇంట్లో అంత. ఆయన ముందు కాలు మీద కాలు వేసుకుని కూర్చోను నేను. ఆ మాటే అన్నాను.

ఆయన చొక్కా చేతులు మడుచుకున్నాడు. "ఆపొద్దు నీ కాళ్ళు నేను కడిగితిని గదా, అప్పుడు సిగ్గు పడితివా? ఇదీ నీ ఒళ్ళే. పండుకో."

మోచేతుల దాకా సబ్బుతో రెండుసార్లు కడుక్కున్నాడు. గ్లవ్స్ బిగుతైతే ఓపిగ్గా ఒక్కో వేలూ సర్దుకున్నాడు. కళ్ళజోడు ముక్కు మీదికి జరుపుకున్నాడు. నేను దిండులో ముఖం దాచుకున్నాను. గుడ్డను సెలైన్‌తో బాగా తడిపి, నానే దాకా ఆగాడు. నర్సు అంతసేపు ఆగేది కాదు. తర్వాత కొంచెం కొంచెంగా తీశాడు. యాభై ఏళ్ళు దబ్బనంతో సంచుల మూతులు కుట్టిన చెయ్యి, ఒక్కసారి కూడా వణకలేదు.

"ఎర్రగా, బాగుండాది" అన్నాడు. "చీము లేదు. నాకు ఇట్ల ఉండలే. నాది చూస్తే మీ అత్త ఏడుస్తా ఉండె."

నేను ఏడ్చాను. ఆయన నొప్పి అనుకున్నాడో లేదో తెలియదు. "ఆయ, ఆయ, అయిపాయె" అంటూ ప్లాస్టరు అతికించి, దుప్పటి కప్పి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. సాయంత్రం నీళ్ళు తగ్గే దాకా ఇద్దరం టీవీలో కబడ్డీ చూశాం. ఆయన కూర్చుని, నేను బోర్లా పడుకుని.

పుండు మానడానికి ఏడు వారాలు పట్టింది. మానాక కూడా నాకు కుదురు రాలేదు. కాస్త దురద పెడితే చాలు, ఫోను తీసుకుని బాత్రూంలోకి పరిగెత్తేవాణ్ణి. ఏ కుర్చీలోనైనా ముందు ఎడమపక్కే దిగేవాణ్ణి. నొక్కి చూసుకుని, ఏమీ లేదని తెలిసినా ఇంకోసారి నొక్కేవాణ్ణి. ఫిస్టులా సంగతి తెలియాలంటే కొన్ని నెలలు చూడాలన్నాడు డాక్టరు. ఆ నెలలన్నీ నేను చూస్తూనే ఉన్నాను.

ఆరో నెలలో చివరిసారి చూపించుకోవడానికి వెళ్ళినప్పుడు డాక్టర్ని అడిగాను.

"మొదటే కోయించుకుని ఉంటే ఇదంతా తప్పేదా?"

"తప్పుండొచ్చు. తప్పకపోయుండొచ్చు" అన్నాడు. "మీ మాదిరే సూది వేయించుకొని మళ్ళీ నా దగ్గరికి రాని వాళ్ళుండారు. కోసినా మళ్ళీ వచ్చిన వాళ్ళుండారు. మీరు వీళ్ళలో ఎవరో ఆ బుధవారం నాకూ తెలీదు. తిరిగొచ్చిందని తెలిసి ఒక దినం ఆగితిరే, అదొక్కటే నేను తప్పంటాను."

కాగితం మీద ఏదో రాసి ఇచ్చాడు. సొరంగం ఏదీ లేదు, మచ్చ గట్టిపడింది, ఇక రానక్కర్లేదు, ఏదైనా అనిపిస్తే అదే రోజు రమ్మన్నాడు.

కారు పార్కింగ్‌లో మా ఆవిడ ఎదురుచూస్తోంది.

"ఏమన్నారు?"

"అంతా బాగుందన్నారు."

ఆమె ఇంజిన్ స్టార్ట్ చేయలేదు. చెయ్యి చాపింది. "కాగితం ఇవ్వు."

ఇచ్చాను. డాక్టరు రాతను గుర్తు పట్టడానికి కాగితాన్ని వెలుతురు వైపు తిప్పి, తేదీ దగ్గర్నుంచి సంతకం దాకా నెమ్మదిగా చదివింది. ఒకచోట వేలు పెట్టి ఇదేం మాట అని అడిగితే చెప్పాను. పూర్తయ్యాక మడిచి తన హ్యాండ్‌బ్యాగ్‌లో పెట్టుకుంది.

నా ఫైలంతా ఇప్పుడు ఆమె బీరువాలోనే ఉంటుంది.